ఒర్రెకు అడ్డంగా మట్టికట్ట: ఎందుకు? ఎలా?

నిజామాబాద్ జిల్లాలో మోర్తాడ్, వేల్పూర్, కమ్మర్‌పల్లి, భీంగల్ వైపు చెలకలున్న రైతును సంక్రాంతి దాటాక పలకరిస్తే మొదట వచ్చే మాట బోరు గురించే. గంటల తరబడి పోసిన బోరు ఇప్పుడు అరగంటకే గాలి కక్కుతోందంటారు. ఆ వెంటనే ఒక ప్రశ్న అడుగుతారు. "మా భూమిలోంచి ఒక ఒర్రె పోతది. వానాకాలంలో నాలుగు రోజులు నిండుగా పారి ఆగిపోతది. దానికి అడ్డంగా సొంత ఖర్చుతో మట్టికట్ట పోసి చిన్న కుంట చేసుకుంటే మా పసుపుకు నీళ్ళ కరువు తీరుతదా?"

చాలావరకు తీరుతుంది. అయితే అడిగినవారు అనుకునే దారిలో కాదు. కుంటలో కంటికి కనిపించే నీళ్ళకన్నా అందులోంచి ఇంకిపోయే నీళ్ళే ఎక్కువ పనిచేస్తాయి. ఆ ఇంకిన నీళ్ళు కట్ట పోసినవారి బోరుకు మాత్రమే రావు. కట్ట సొంతం కావచ్చు గాని నీళ్ళు ఉమ్మడివే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కట్ట ఎక్కడ పోయాలి, ఎంత ఎత్తు పోయాలి, అలుగు ఎంత వెడల్పు ఉండాలి, ఎవరిని అడగాలి అన్నవన్నీ ఒక్కొక్కటిగా తేలతాయి.

చుట్టూ ఇన్ని ప్రాజెక్టులుండగా చిన్న కుంట ఎందుకు?

నిజామాబాద్ జిల్లా అనగానే పెద్ద నీటి పనులే గుర్తొస్తాయి. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ వల్లనే బోధన్ వైపు వరి, చెరుకు నిలిచాయి. ఆ చెరుకును నమ్ముకునే 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. మోర్తాడ్‌కు దగ్గరలోనే గోదావరి మీద పోచంపాడు ఉంది. 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ అదే. అక్కడినుంచి మిడ్ మానేరుకు పోయే వరద కాలువ కూడా ఈ ప్రాంతం మీదుగానే సాగుతుంది.

కానీ కాలువ నీరు పల్లానికే పోతుంది, ఎత్తున ఉన్న చెలకకు ఎక్కదు. పోచంపాడు జలాశయాన్ని కళ్ళతో చూడగలిగే ఊళ్ళలో కూడా మెట్ట మీది రైతుకు దిక్కు బోరే. అక్కడ పండే పంట పసుపు. జూన్‌లో కొమ్ము నాటితే జనవరి నుంచి మార్చి లోపల తవ్వుతారు. వానలేమో అక్టోబరుతో ముగుస్తాయి. మిగిలిన మూడు నాలుగు నెలలు దుంప ఊరే కాలం, అప్పుడే తడి తప్పకూడదు. పసుపు కాకపోతే యాసంగి ఎర్రజొన్న వేస్తారు, దానికీ తడులు కావాలి. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఉంది కాబట్టి మోటారు ఆగదు, ఆగేది నీళ్ళే. కప్పలవాగు, పెద్దవాగుల మీద చెక్‌డ్యాంలు వచ్చాక వాగు ఒడ్డు బోర్లు కొంత తేరుకున్నాయి. వాగుకు దూరంగా, ఎగువన, ఒర్రెలు పుట్టేచోట ఉన్న చెలకలకు ఆ లాభం అందదు. చిన్న కుంట అక్కరకొచ్చేది అక్కడే.

ఒర్రెలోకి ఎన్ని నీళ్ళు వస్తాయి?

ముందు లెక్క చూద్దాం. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. మన జిల్లాలో ఏడాదికి సుమారు 1,000 మి.మీ. వాన పడుతుంది. ఒర్రెకు ఎగువన నీళ్ళు జారే నేల 25 ఎకరాలనుకుంటే, దాని మీద ఏడాదిలో పడే వాన 10 కోట్ల లీటర్లు.

అంతా ఒర్రెలోకి రాదు. మృగశిరలో పడే తొలి వానలన్నీ ఎండిన నేల తాగేస్తుంది. పది మిల్లీమీటర్ల జల్లు కురిస్తే ఒర్రెలో చుక్క కదలదు. నేల నానాక, ఒక్క పట్టున యాభై మిల్లీమీటర్లు కురిస్తే అప్పుడు ఎర్రటి నీళ్ళు పరుగెత్తుతాయి. చిన్న చెరువుల రాబడి కట్టడానికి మన ఇరిగేషన్ ఇంజినీర్లు చాలాకాలంగా వాడుతున్న స్ట్రేంజ్ పట్టికల సారం ఇదే. నేలను మంచి, మధ్యరకం, నాసి అని మూడు తరగతులు చేసి, ఎంత వానకు ఎంత పారకమో అవి చెబుతాయి. ఇక్కడ "మంచి" అంటే నీళ్ళు బాగా జారే నేల. రైతుకు మంచి దుబ్బ చెలక ఈ పట్టికలో నాసి తరగతిలో పడుతుంది.

ఏడాది వానలో ఆరో ఏడో వంతు, అంటే నూటికి 15 పాళ్ళు పారుతుందనుకుంటే మన 25 ఎకరాల నుంచి వచ్చేది కోటిన్నర లీటర్లు. ఈ అంకె గుర్తుంచుకోండి.

నిండిన కుంటతో ఎన్ని తడులు పెట్టొచ్చు?

ఇరవై గుంటల జాగాలో, అంటే అరెకరంలో, సగటున మీటరున్నర లోతు కుంట చేశారనుకుందాం. అందులో పట్టేది 30 లక్షల లీటర్లు. వినడానికి చాలా పెద్ద అంకె. ఎకరానికి 50 మి.మీ. మందాన ఒక తడి పెట్టాలంటే 2 లక్షల లీటర్లు కావాలి. అంటే నిండు కుంట మొత్తం ఎత్తిపోసినా 15 ఎకరపు తడులు. చలికాలంలో కూడా ఎండకు, గాలికి రోజుకు నాలుగైదు మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుంది, ఎండాకాలంలో దానికి రెట్టింపు. ఇంకిపోయేది వేరే. ఇవన్నీ పోగా చేతికి దక్కేది ఏడెనిమిది తడులు.

రెండెకరాల పసుపుకు అది మూడు నాలుగు సార్లు. ఆగస్టులో ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే పంటను గట్టెక్కించడానికి సరిపోతుంది. సంక్రాంతి దాకా లాగడానికి చాలదు. ఇక వరి మాట ఎత్తనే వద్దు. ఎకరం వరికి నాటు నుంచి కోత దాకా 1,200 మి.మీ. నీళ్ళనుకుంటే 48 లక్షల లీటర్లు కావాలి. ఈ కుంట ఒక్క ఎకరం వరిని కూడా పండించలేదు.

ఇక్కడే చాలామంది నిరాశపడి పని వదిలేస్తారు, లేదా అప్పు చేసి కట్టను ఇంకో మీటరు లేపుతారు. రెండూ తప్పే.

మరి ఇంకిన నీళ్ళు ఎటు పోతాయి?

మోర్తాడ్ చుట్టుపక్కల అడుగున ఉన్నది గట్టి రాయి. పైన కొన్ని మీటర్ల మందాన మట్టి, మొరం, కుళ్ళిన రాయి ఉంటాయి. ఆ కింద పగుళ్ళున్న బండ, ఇంకా కిందికి పోతే పగులు కూడా లేని బండ. నీళ్ళు నిలిచేది కుళ్ళిన రాయిలో, పగుళ్ళలో మాత్రమే. ఆ పొరలో మనం తోడుకోగలిగే నీళ్ళు దాని ఘనపరిమాణంలో నూటికి ఒకటి నుంచి మూడు పాళ్ళు.

ఇంత తక్కువ జాగా ఉండడం శాపంలా కనిపిస్తుంది, కానీ కుంట విషయంలో అదే వరం. రెండు పాళ్ళనుకుంటే, 25 ఎకరాల కింద నీటిమట్టం ఒక మీటరు పెరగడానికి 20 లక్షల లీటర్లు చాలు. అంటే మన కుంట ఒక్కసారి నిండి, అందులో మూడింట రెండు వంతులు ఇంకితే ఆ చుట్టూ బోర్లలో నీళ్ళు మీటరు పైకి రాగలవు. నిజానికి ఆ పెరుగుదల అంతటా సమంగా ఉండదు, కట్ట దిగువన ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. అయినా లెక్క దిశ అదే.

ఒర్రెలో వచ్చేది కోటిన్నర లీటర్లు, కుంట పట్టేది 30 లక్షలు. అంటే ఏడాదిలో కుంటను ఐదుసార్లు నింపేంత నీళ్ళున్నాయి. చుక్క కారని కుంట జూలైలో నిండి నవంబరు దాకా నిండుగానే ఉంటే, ఆగస్టు, సెప్టెంబరు వరదలన్నీ అలుగు మీదుగా పోతాయి. పది పదిహేను రోజుల్లో సగం ఇంకిపోయే కుంట తరవాతి వానకు ఖాళీగా సిద్ధంగా ఉంటుంది. చూపులకు ఎండిన కుంటే భూమిలోకి ఎక్కువ నీళ్ళు పంపుతుంది. ఇలాంటి దాన్నే ఊట కుంట అంటారు.

అందుకే ఇలాంటిచోట అడుగున ప్లాస్టిక్ షీటు పరచడం పొరపాటు. మహారాష్ట్రలో పండ్ల తోటల ప్రాంతాల్లో షీటు పరిచిన పెద్ద పెద్ద కుంటలు వేలల్లో వచ్చాయి. చాలాచోట్ల వాటిని వాన నీళ్ళతో కాక బోరు నీళ్ళతో నింపుతున్నారు. భూమిలో భద్రంగా ఉన్న నీళ్ళను తోడి ఎండకు ఆరబెట్టడమన్నమాట. ఒకరి తోట బతుకుతుంది, ఊరి నీటిమట్టం పడిపోతుంది.

వదులుగా ఉండే మట్టి నీళ్ళను ఎలా ఆపుతుంది?

పూర్తిగా ఆపదు. ఏ మట్టికట్టయినా కొంత నీటిని తనలోంచి పోనిస్తుంది. మంచి కట్ట దాన్ని నెమ్మదిగా, తనకు దెబ్బ తగలకుండా పోనిస్తుంది.

నీళ్ళు కట్టను నెట్టే బలం లోతును బట్టి ఉంటుంది గాని ఎంత దూరం పరుచుకున్నాయన్నదాన్ని బట్టి కాదు. రెండు మీటర్ల లోతున చదరపు మీటరు మీద రెండు టన్నుల ఒత్తిడి పడుతుంది. అరెకరం కుంటయినా, వందెకరాల చెరువైనా లోతు ఒకటైతే ఒత్తిడి ఒకటే. "మాది చిన్న కుంటే కదా, కట్ట సన్నగా ఉన్నా ఏం కాదు" అనే మాట అందుకే చెల్లదు.

కట్ట అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉండడానికి ఇదొక కారణం. ఇంకో కారణం ఊట. కట్టలోకి చేరిన నీరు లోపల ఒక వాలు గీతగా దిగుతూ బయటివైపు పోతుంది. ఆ గీత కట్ట బయటి వాలు మధ్యలో బయటపడితే అక్కడి మట్టి మెత్తబడి జారుతుంది. నేలలోకే దిగిపోతే భయం లేదు. కట్ట అడుగు వెడల్పుగా ఉంటే ఆ గీత బయటపడకుండా లోపలే దిగిపోతుంది.

మూడు మీటర్ల ఎత్తు కట్టకు పైన రెండు మీటర్ల వెడల్పు ఉంచి, నీటివైపు మీటరు ఎత్తుకు రెండున్నర మీటర్ల వాలు, బయటివైపు రెండు మీటర్ల వాలు ఇస్తే అడుగున 15 మీటర్ల పైచిలుకు వస్తుంది. అరవై మీటర్ల పొడవు కట్టకు, అంచుల దగ్గర ఎత్తు తగ్గుతుంది కాబట్టి, ఏడెనిమిది వందల ఘనపు మీటర్ల మట్టి పడుతుంది. ట్రాక్టరు ట్రాలీ లెక్కన మూడొందల దాకా. ఆ మట్టిని కుంట లోపలినుంచే తీస్తే లోతు కూడా కలిసొస్తుంది. అయితే కట్ట పాదాన్ని ఆనుకుని తవ్వకూడదు, నాలుగైదు మీటర్లు వదలాలి.

ఏ మట్టి? ఎలా పోయాలి?

కట్ట పొట్టలో జిగటమట్టి, దాని మీద రెండువైపులా మొరం ఉండాలి. నల్లరేగడి నీళ్ళను బాగా ఆపుతుంది కాని ఎండితే బీటలిస్తుంది, అందుకే అది లోపల ఉండాలి, మొరం దాన్ని ఎండ తగలకుండా కప్పాలి. అసలు పని కట్ట కన్నా ముందే, నేల కింద మొదలవుతుంది. కట్ట నడిమి గీత వెంట ఇసుక పొరను, గుల్ల మట్టిని దాటి గట్టి మొరం తగిలేదాకా కందకం తవ్వి, అందులో జిగటమట్టి నింపి దట్టించాలి. ఇది చేయకుండా ఒర్రె ఇసుక మీదే కట్ట పోస్తే, నీళ్ళు పైన ఆగి కిందినుంచి దర్జాగా పోతాయి. భూమిలోకి ఇంకడం వేరు, కట్ట కిందినుంచి దూసుకుపోవడం వేరు. మొదటిది బోర్లను నింపుతుంది, రెండోది కట్టను తినేస్తుంది.

మట్టి ఎంపికకు ప్రయోగశాల అవసరం లేదు. గాజు గ్లాసులో తేట నీళ్ళు పోసి, గోలీ అంత ఎండిన మట్టిగడ్డను నెమ్మదిగా వదలండి. కదపకుండా పది నిమిషాలు చూడండి. గడ్డ విచ్చుకుని కుప్పగా కూలి, చుట్టూ నీళ్ళు తేటగానే ఉంటే పర్వాలేదు. గడ్డ చుట్టూ పాలు కలిపినట్టు తెల్లటి మబ్బు కమ్మి గ్లాసంతా పాకితే ఆ మట్టి చౌడు జాతిది, నీళ్ళు తగిలితే కరిగి కొట్టుకుపోతుంది. అలాంటిది కట్టలో పనికిరాదు.

తడి ఎంత ఉండాలో చెయ్యే చెబుతుంది. గుప్పెడు మట్టి తీసుకుని గట్టిగా పిసకండి. గుప్పిట తెరిస్తే ముద్ద నిలవాలి, వేళ్ళ ముద్రలు కనబడాలి, అరచేతికి నీరు అంటకూడదు. నడుము ఎత్తునుంచి వదిలితే నాలుగైదు ముక్కలుగా విరగాలి. పొడిపొడిగా రాలితే నీళ్ళు చల్లాలి, చప్పున అతుక్కుంటే ఆరనివ్వాలి. మట్టిరేణువుల మధ్య గాలి పోయి అవి బాగా దగ్గరపడేది ఆ ఒక్క తడి దగ్గరే. అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో మట్టి ఆనకట్టలు కడుతున్న ఇంజినీరు ప్రోక్టర్ 1933లో దీన్ని కొలిచి చూపించాడు. ప్రపంచమంతా కట్టలకూ రోడ్లకూ ఇప్పటికీ ఆ పరీక్షే చేస్తారు.

జానెడుకు మించని పొరగా పోసి, దట్టించి, ఆ తరవాతే పై పొర పోయాలి. మన చెరువు కట్టలను ఒడ్డెరలు, ఉప్పరులు అలాగే పోశారు. గంపలతో, గాడిదలతో మట్టి మోసేవాళ్ళు, మనుషులూ పశువులూ తొక్కగా పొర గట్టిపడేది. ఇప్పుడు ఇంజినీర్లు వాడే, గొర్రె గిట్టల్లాంటి బుడిపెలున్న రోలరు చేసేది కూడా ఆ తొక్కుడే. జేసీబీతో మూడు రోజుల్లో మీటరు మీటరు కుప్పలు పోసి పైన ఒకసారి బకెట్‌తో కొట్టిన కట్ట చూడ్డానికి ఘనంగా ఉంటుంది. మొదటి వానాకాలంలోనే కుంగుతుంది. బాగా దట్టించిన కట్ట కూడా కొంత దిగుతుంది కాబట్టి నడిమి భాగాన్ని అంచులకన్నా కాస్త ఎత్తుగా ఉంచాలి.

కట్ట ఎందుకు తెగుతుంది?

ముఖ్యంగా రెండు దారుల్లో. ఒకటి, పైనుంచి పొర్లి. రెండు, లోపల బుంగ పడి.

మట్టికట్ట మీదుగా నీళ్ళు పొర్లితే ఇక లెక్కపెట్టాల్సింది నిమిషాలే. బయటి వాలు కోసుకుపోతూ గండి పడుతుంది. అలా పొర్లకుండా కాపాడేది అలుగు, మన భాషలో మత్తడి. కుంట నిండాక మిగిలిన నీళ్ళు కట్టకు దూరంగా, గట్టి నేల మీదుగా పోవడానికి వదిలిన దారి అది. కట్ట పైఅంచుకన్నా కనీసం మీటరు తక్కువలో ఉండాలి. దాని వెడల్పు దగ్గరే అందరూ పిసినారితనం చేస్తారు.

నేల అప్పటికే నానిపోయి ఉన్నప్పుడు గంటకు పది సెంటీమీటర్ల జోరుతో వాన కొడితే, మన 25 ఎకరాల నుంచి సెకనుకు దాదాపు రెండు వేల లీటర్లు వస్తాయి. అది అడుగు మందాన అలుగు మీదుగా పోవాలంటే అలుగు ఏడు మీటర్లు ఉండాలి. చాలా కుంటలకు అలుగు పేరుతో ఒక అడుగు సిమెంటు పైపు పెట్టి ఊరుకుంటారు. అది సెకనుకు మోసేది నూరు, నూటయాభై లీటర్లు.

అంత వాన ఎప్పుడో గాని రాదంటారా? 2023 జూలై 24, 25 తేదీల్లో మోర్తాడ్‌కు పక్కనున్న వేల్పూర్‌లో 24 గంటల్లో 46 సెంటీమీటర్ల వాన పడింది. ఏడాది వానలో దాదాపు సగం ఒక్క రోజులో. 25 ఎకరాల మీద అది నాలుగున్నర కోట్ల లీటర్లకు పైమాటే. మన కుంట పట్టేదానికి 15 రెట్లు.

అలుగును నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో చెప్పడానికి లోకం మరవని ఉదాహరణ అమెరికాలోని జాన్స్‌టౌన్‌ది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆ ఊరికి ఎగువన, సౌత్ ఫోర్క్ దగ్గర ఒక పాత మట్టి ఆనకట్ట ఉండేది. దాన్ని చేపలవేట సరదా ఉన్న ధనవంతుల క్లబ్బు ఒకటి సొంతం చేసుకుంది. గుర్రపు బగ్గీలు పోవడానికి వీలుగా కట్ట పైభాగాన్ని తగ్గించి వెడల్పు చేశారు. చేపలు కొట్టుకుపోకుండా అలుగుకు అడ్డంగా జల్లెడలు పెట్టారు. అడుగున నీళ్ళు వదిలే పైపులను అంతకుముందే ఎవరో తీసేస్తే మళ్ళీ పెట్టలేదు. 1889 మే 31న కుండపోత వానకు జల్లెడలు చెత్తతో మూసుకుపోయాయి, నీళ్ళు కట్ట మీదుగా పొర్లాయి. దిగువన 2,209 మంది చనిపోయారు. మన ఊళ్ళలోనూ చెరువు మత్తడి దుంకగానే అడ్డంగా వల కడతారు. చేపల కోసం వల కట్టినా చెత్త పట్టకుండా చూసుకోవాలి, పెద్ద వాన సూచన ఉన్న రోజు తీసేయాలి.

రెండో దారి బుంగ. ఎండ్రకాయలు, పందికొక్కులు చేసిన బొరియలు, చచ్చిన తుమ్మ వేళ్ళు కుళ్ళి వదిలిన సందులు, తూము పైపు చుట్టూ సరిగా దట్టించని మట్టి, వీటిలో ఏదో ఒకదాని వెంట నీళ్ళు దారి చేసుకుంటాయి. అందుకే కట్ట మీద గరిక ఉండాలి గాని చెట్టు పెరగకూడదు. కుంట నిండిన రోజుల్లో పొద్దున్నే కట్ట బయటి పాదం వెంట నడిచి చూడాలి. తేమ కనిపించినా, తేట నీరు సన్నగా కారినా కంగారు లేదు. ఆ నీళ్ళను ఒక గాజు సీసాలో పట్టి చూడండి. అడుగున మట్టి పేరుకుంటే కట్ట లోపలినుంచి కొట్టుకొస్తోందన్నమాట. వెంటనే కుంట నీళ్ళు దించాలి. ఊట బయటపడేచోట ముందు ఇసుక, దాని మీద కంకర, ఆ పైన రాళ్ళు వేయాలి. నీరు పోవాలి, మట్టి ఆగాలి. బురదతో పూడ్చి నీటిని బంధిస్తే అది ఇంకోచోట పగులుతుంది.

ఒక సంగతి మరవొద్దు. 2021లో కేంద్రం తెచ్చిన ఆనకట్టల భద్రత చట్టం 15 మీటర్లు దాటినవాటికి, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల మధ్యవాటికి వర్తిస్తుంది. మూడు మీటర్ల కట్టను తనిఖీ చేయడానికి ఆ చట్టం కింద ఎవరూ రారు. దాని యజమానే దానికి ఇన్‌స్పెక్టరు.

సొంత భూమిలో కట్టుకుంటే ఎవరినైనా ఎందుకు అడగాలి?

కుంటలోకి వచ్చే వాన ఎగువ రైతు చెలక మీద పడింది. అందులోంచి ఇంకేది దిగువ రైతు బోరుకు పోతుంది. నిండితే వెనక్కి తన్నే నీళ్ళు ఎగువవాడి గట్టును తడుపుతాయి. ఊట ఎక్కువైతే దిగువవాడి చేను జాలు పడుతుంది. గండి పడితే పోయేది దిగువ పంట. ఎటు చూసినా ఇంకొకరు ఉన్నారు.

తెలుగునేల మీద ఈ చిక్కు పాతదే, దానికి జవాబూ పాతదే. సొంత సొమ్ముతో చెరువు తవ్వించినవారికి, తెగిన చెరువును బాగుచేసినవారికి దశబంధం అనే మాన్యం ఇచ్చేవారు. దాని కింద సాగయ్యే భూమిలో పదోవంతు అన్నది మూలసూత్రం. ముఖ్యంగా రాయలసీమ శాసనాల్లో ఇది తరచు కనిపిస్తుంది. చెరువును చూసుకోవాలన్న బాధ్యత ఆ మాన్యంతోనే ముడిపడి ఉండేది. అంటే కట్టించినవాడికి పదోవంతు, మిగిలిన తొమ్మిది వంతుల లాభం ఊరిదని ముందే ఒప్పుకున్నారు.

విచిత్రంగా ఆస్ట్రేలియాలోనూ ఇదే పదోవంతు ఎదురవుతుంది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో చాలా ప్రాంతాల్లో రైతు తన భూమి మీద సగటున పారే వాననీటిలో పదోవంతు దాకా లైసెన్సు లేకుండా చిన్న కట్టలతో పట్టుకోవచ్చు, మిగిలింది దిగువకు వదలాలి. అక్కడ పదోవంతు హద్దు, ఇక్కడ బహుమానం. రెండింటి వెనకా ఉన్నది ఒకే ఆలోచన.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. చెరువు కట్టించినవాడు విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. కట్ట కారడం, చౌడు నేల, రాబడి తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఆ దోషాల్లో ఉన్నాయి. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం కూడా ఒక దోషమే. మన కాలానికి దాన్ని రెండు పట్టాల సరిహద్దు అని చదువుకోవచ్చు. గెట్టు మీద కుంట పెడితే నీళ్ళకన్నా ముందు తగాదా నిండుతుంది.

చట్టం సంగతి కూడా ఉంది. ఒర్రె రెవెన్యూ నక్షాలో ఉంటే దాన్ని పట్టాదారు సొంత ఆస్తిగా చూడడానికి లేదు. తెలంగాణ ప్రాంతానికి 1357 ఫసలీ నాటి ఇరిగేషన్ చట్టం, 2002 నాటి వాల్టా చట్టం ఉన్నాయి. దిగువన ఊరి చెరువు ఉండి, ఈ ఒర్రే దానికి ఆధారమైతే ఇంకా జాగ్రత్త కావాలి. కట్ట పోయకముందే ఇరిగేషన్ శాఖ ఏఈకి, తహసీల్దారు ఆఫీసుకు కాగితం పెట్టుకోవడం మంచిది. ఒర్రెకు అడ్డం పోకుండా చేనులో తవ్వుకునే ఫాంపాండ్‌కు ఈ బెడద చాలావరకు ఉండదు.

పదేళ్ళకు కుంట ఏమవుతుంది?

పట్టించుకోకపోతే పూడిపోతుంది. ఎర్రనీళ్ళతో వచ్చే సన్నటి ఒండ్రు అడుగున పొరలా పేరుకుని ముందు ఇంకుడును ఆపేస్తుంది, తరవాత లోతును తినేస్తుంది. అప్పటికి కుంటలో నీళ్ళు ఎక్కువ రోజులు నిలుస్తాయి, రైతు సంతోషిస్తాడు, బోరు మాత్రం మళ్ళీ గాలి కక్కుతుంది. ఈ తేడాను కనిపెట్టడం ముఖ్యం.

మందు మనవాళ్ళకు తెలిసిందే. 2015 మార్చి 12న అప్పటి నిజామాబాద్ జిల్లాలోనే ఉన్న సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ, రాష్ట్రంలోని 46 వేల పైచిలుకు చెరువుల పూడిక తీయాలని పెట్టుకున్న పథకం. అక్కడ తీసిన ఒండ్రును రైతులు సొంత ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నారు. సొంత కుంటకూ అదే పని. రెండు మూడేళ్ళకోసారి ఎండాకాలంలో అడుగును చెక్కి, ఆ మట్టిని చెలకలో చల్లుకుంటే నేలకు సత్తువ, కుంటకు ఇంకుడు రెండూ దక్కుతాయి. ఒర్రె కుంటలో కలిసేచోట ఒక చిన్న గుంత తవ్వి ఉంచితే ముతక ఇసుక అక్కడే ఆగుతుంది.

అయితే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ వానాకాలం ఏమీ కట్టకండి. ఒర్రెలో రెండు మూడుచోట్ల గట్టి కర్రలు పాతి, వరద ఎంత ఎత్తు వచ్చిందో గీత పెట్టుకోండి. మీ బోరుతోపాటు ఎగువ, దిగువ బోర్లలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో నెలకోసారి దారం దించి రాసుకోండి. కట్ట పోసిన తరవాత లాభం వచ్చిందా లేదా అన్నది ఈ కాగితమే చెబుతుంది. దసరా తరవాత కట్ట రావాల్సినచోట రెండు గుంతలు తవ్వి కింద ఇసుక ఎంత, మొరం ఎక్కడ తగిలిందో చూడండి. ఎగువవాళ్ళను, దిగువవాళ్ళను వెంటబెట్టుకుని ఒర్రె వెంట నడవండి. దిగువన ఇద్దరు ముగ్గురి బోర్లకు లాభం ఉందని తేలితే ఖర్చులో వాళ్ళ వంతు అడగడంలో తప్పు లేదు. అది దశబంధం లెక్కే, కాకపోతే ఇప్పుడు రాజు లేడు కాబట్టి మీలో మీరే మాట్లాడుకోవాలి. ఏఈని ఒకసారి తీసుకొచ్చి చూపించండి. పసుపు తవ్వకాలు అయ్యాక పని మొదలుపెట్టి మే నెలాఖరుకు ముగించండి. సగం పోసిన కట్ట మీద తొలకరి వరద పడితే మట్టీ దక్కదు, డబ్బూ దక్కదు.

ముందు అలుగు గీత గీసి, ఆ తరవాతే కట్ట గీత గీయండి. సొమ్ము తక్కువ పడితే కట్ట ఎత్తు అరమీటరు తగ్గించుకోండి, అలుగును కూడా ఆ మేరకు కిందికి దించండి. కాస్త తక్కువ నీళ్ళు ఆగుతాయి, ఎక్కువసార్లు నిండుతుంది. అలుగు వెడల్పు మాత్రం ఒక్క అడుగు కూడా తగ్గించకండి.